బిష్ణుపూర్ మట్టి పలకలు: చెక్కింది వడ్రంగి చెయ్యి

ఆర్ట్ అండ్ కల్చర్ నోట్స్‌లో బెంగాల్ టెర్రకోటా గుళ్లకి మీరు ఎన్ని లైన్లు ఇచ్చారు? నేనైతే నాలుగు ఇచ్చాను. మల్ల రాజులు, బిష్ణుపూర్, గుడిసె చూరులా వంగిన కప్పు, "రాయి దొరకదు కాబట్టి మట్టి పలకలు". అంతే, పేజీ తిప్పేశాను. తర్వాత మా ఊరి కుమ్మరి దగ్గర కూర్చుని జానెడు పలక ఒకటి చెక్కుదామని చూశాక గానీ ఆ నాలుగు లైన్లలో ఏం పోయిందో అర్థం కాలేదు.

ముందు ఆ "రాయి దొరకదు" సంగతి. గంగా డెల్టాలో అది నిజమే, అంతా ఒండ్రు మట్టి. కానీ బిష్ణుపూర్ ఉన్నది బాంకురా జిల్లాలో. అక్కడ లాటరైట్ రాయి ఉంది. 1600 ప్రాంతంలో వీర హంబీర్ కట్టించిన రాసమంచ వేదిక లాటరైట్‌దే. 1658 నాటి లాల్‌జీ గుడీ లాటరైట్‌దే. చిక్కేమిటంటే ఆ రాయి నిండా రంధ్రాలు. గోడ కట్టొచ్చు గానీ కృష్ణుడి వేళ్లు, వేణువు అందులో చెక్కలేం. మన రామప్ప శిల్పులకి నున్నటి నల్లరాయి దొరికింది, వీళ్లకి దొరకలేదు. కాబట్టి జవాబులో "రాయి లేదు" అని కాక "సన్నగా చెక్కడానికి పనికొచ్చే రాయి లేదు" అని రాయండి. ఒక్క మాట తేడానే, కానీ విషయం తెలిసి రాసినట్టు ఉంటుంది.

మరి చెక్కిందెవరు? కుమ్మరులని నేను అనుకున్నాను. ఈ గుళ్ల పనిలో ముఖ్యులు సూత్రధరులు. బెంగాల్‌లో అది వడ్రంగుల కులం. చెక్క, రాయి, మట్టి, బొమ్మలు వేయడం, అన్నీ వాళ్ల పనులే. ఈ సంగతి తెలిశాక ఆ పలకల ఫొటోలు మళ్లీ చూడండి. బొమ్మ అంచులు తలుపు చెక్క మీద నగిషీలా తెగినట్టు కనిపిస్తాయి. సారె మీద పెరిగిన చేతి పనిలా నాకైతే అనిపించదు.

ఇక నా పలక. మట్టి పచ్చిగా ఉంటే కత్తి వెంట సాగుతుంది, గీత అలుక్కుపోతుంది. పూర్తిగా ఆరితే పెచ్చులు లేస్తాయి. మధ్యలో ఒక దశ ఉంది. గోరు నొక్కితే గుర్తు పడుతుంది, మట్టి మాత్రం గోటికి అంటదు. చెక్కాల్సింది అప్పుడే. మా ఊరి ఎండలో ఆ దశ కొద్ది గంటలే నిలిచింది. తొందరగా ఆరాలని మొదటి పలకని ఎండలో పెట్టాను, అప్పడంలా వంకర తిరిగింది. "నీడన పెట్టి తడిగుడ్డ కప్పాలి బాబూ, పైనా కిందా ఒకేలా ఆరాలి" అన్నాడు ఆయన. రెండో పలకలో ఎద్దు బొమ్మ బాగానే వచ్చింది. కానీ ఆవంలోంచి తీస్తే సరిగ్గా మెడ దగ్గర రెండు ముక్కలు. అక్కడే లోతుగా చెక్కాను. పక్కన మందం, అక్కడ పలచన, రెండూ ఒకేలా ఆరలేదు.

మట్టి ఆరితే, కాలితే కుంచించుకుపోతుందని ఇంజనీరింగ్‌లో చదివినవాణ్ణే. మట్టిని బట్టి నూటికి అయిదు నుంచి పది పాళ్ల దాకా తగ్గొచ్చు. 20 సెంటీమీటర్ల పలక 19కో 18కో వస్తుంది. ఇప్పుడు 1643లో రఘునాథ్ సింగ్ కట్టించిన శ్యామ్‌రాయ్ గుడి గోడ మీది రాసమండలం ఊహించండి. కృష్ణుడి చుట్టూ గోపికలు వలయాలుగా నిలబడి ఉంటారు. అది ఒకే పలక కాదు, ఎన్నో ముక్కల కూర్పు. ఒక ముక్క పక్కదానికంటే కాస్త ఎక్కువ కుంచించుకుపోయినా ఒక గోపిక చెయ్యి ఇంకో గోపిక చేతికి అందదు. మట్టిలో ఇసుక ఎంత, ఏ పూట చెక్కాలి, ఎంత లోతు ఆపాలి, ఇవన్నీ తండ్రి పక్కన కూర్చుని ఏళ్ల తరబడి పాడుచేసి నేర్చుకోవాల్సినవి.

ఇంత పని ఏ లెక్కన జరిగిందో చూడాలంటే ఇప్పటి బంగ్లాదేశ్‌లోని దినాజ్‌పూర్ దగ్గర కాంతాజీ గుడి చూడాలి. 1752లో పూర్తయింది. పలకలు దాదాపు 15,000. రామాయణం, కృష్ణలీలల పక్కనే మొగల్ దుస్తుల్లో సర్దార్లు, పడవలు, వేట. 1897 భూకంపంలో తొమ్మిది శిఖరాలూ పడిపోయాయి, గోడల మీది పలకలు నిలిచాయి.

ఈ పని ఎందుకు ఆగిపోయిందన్నది పదిహేను మార్కుల ప్రశ్నకి సరిపోయే విషయం. శాశ్వత శిస్తు విధానం వచ్చాక 1806లో శిస్తు బకాయిల కింద బిష్ణుపూర్ ఎస్టేట్ వేలానికి పోయింది, బర్ద్వాన్ రాజు కొన్నాడు. కొత్త జమీందార్లు, వ్యాపారులు 19వ శతాబ్దంలోనూ పలకల గుళ్లు కట్టించారు కాబట్టి కంపెనీ రాగానే అంతా ఆగిందని రాయకండి. కానీ కట్టించేవాళ్లు తగ్గేకొద్దీ కొడుక్కి ఆ పని నేర్పే తండ్రులూ తగ్గారు.

అదే బాంకురాలో పాంచ్‌మురా కుమ్మరుల మట్టి గుర్రం మాత్రం ఆగలేదు. 2018లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. ఆ గుర్రాన్ని కొనడానికి రాజు అక్కర్లేదు. మొక్కు తీర్చుకోవడానికి గ్రామదేవత ముందు పెట్టే రైతు చాలు.

విరిగిన నా ఎద్దుని అతికించి కొలిచాను. 20 సెంటీమీటర్లు పెట్టింది పద్దెనిమిదిన్నర వచ్చింది.