తెల్లపొగ దాకా

2025 మే 8 రాత్రి హయత్‌నగర్‌లో ఏ ఇంట్లో టీవీ చూసినా సరిహద్దే. జమ్మూలో సైరన్లు, ధర్మశాలలో దీపాలార్పి మధ్యలో ఆపేసిన ఐపీఎల్ మ్యాచ్, తెర అడుగున ఆగకుండా పరుగెత్తే ఎర్రక్షరాలు. నా ఫోన్‌లో మాత్రం వాటికన్‌లోని సిస్టీన్ చాపెల్ మీది సన్నటి పొగగొట్టం, దాని పక్కనే పెంకుల మీద పిల్లను వెంటేసుకుని తిరుగుతున్న సీగల్ పక్షి. మన గడియారంలో 9 గంటల 37 నిమిషాలకు, కొత్త పోపు ఎన్నికయ్యాడన్న గుర్తుగా, తెల్లపొగ లేచింది. పక్కింటి అక్క నా భుజం మీదుగా తొంగి చూసి, "లోపల మన పూల స్వామివారు కూడా ఉన్నారంట కదా? ఆయన్నే చేస్తే?" అంది. అక్క కాథలిక్కు కాదు. అయినా "మన" అంది.

ఆ "చేస్తే" అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో దిగి తలెత్తితే ప్రతి కొలువుకూ ఒక కోచింగ్ బోర్డు కనపడుతుంది. గ్రూప్-1, ఎస్సై, బ్యాంకు, డీఎస్సీ. నోటిఫికేషన్, ప్రిలిమ్స్, మెయిన్స్, ఇంటర్వ్యూ. పోపు పదవికి నోటిఫికేషన్ లేదు, దరఖాస్తు లేదు, నాకు కావాలని బయటపడ్డవాడికి అదే పెద్ద అనర్హత. రాతలో ఉన్న అర్హత చాలా చిన్నది: జ్ఞానస్నానం పొందిన పురుషుడైతే చాలు. ఆచరణలో 1378లో ఆరో అర్బన్ తర్వాత కార్డినల్ కానివాడెవరూ ఆ పీఠం ఎక్కలేదు. అక్కడ ఎవరూ తమంతట తాము మెట్టెక్కరు, ఎవరో ఒకరు చెయ్యిచ్చి లాగుతారు. ఆ చెయ్యి ఎవరిదన్నదే రెండు వేల ఏళ్ళుగా మారుతూ వచ్చింది.

మా ఊరి పేరులోనే వారసత్వం కథ ఉంది. హయత్ బక్షీ బేగం కులీ కుతుబ్‌షాకు కూతురు, సుల్తాన్ మహమ్మద్‌కు భార్య, అబ్దుల్లాకు తల్లి. ముగ్గురు సుల్తానుల మధ్య గద్దె ఆమె ఇంటి గడప దాటలేదు. రోమ్‌లో ఆ సౌకర్యం లేదు. బ్రహ్మచారి పీఠానికి కొడుకు రాడు కాబట్టి ప్రతిసారీ కథ మొదటికొస్తుంది.

తొలి శతాబ్దాల్లో రోమ్ పీఠాధిపతిని ఆ ఊరి గురువులు, జనం కలిసి ఎన్నుకునేవారు. 236లో ఫాబియన్ అనే మామూలు మనిషి ఊళ్ళోకి వస్తే ఆయన తలమీద పావురం వాలిందని, జనమంతా ఇతనే అని అరిచారని సంఘ చరిత్రకారుడు యుసేబియస్ రాశాడు. పట్టపుటేనుగు పూలమాల వేసినవాడే రాజన్న మన పల్లె కథకు ఇది దగ్గరి చుట్టం. కానీ ఏనుగును మావటి నడిపిస్తాడు. రోమ్‌లో పావురాలను నడిపించడానికి చక్రవర్తులు, ఊళ్ళోని పెద్ద కుటుంబాలు పోటీ పడ్డాయి. 1059లో రెండో నికోలస్ ఈ పనిని కార్డినళ్ళ చేతుల్లో పెట్టాడు. 1179లో మూడింట రెండొంతుల ఓట్లు కావాలన్న నియమం వచ్చింది.

ఆ నియమం ఎంత గట్టిదో విటెర్బో పట్టణానికి అర్థమైంది. 1268లో నాలుగో క్లెమెంట్ పోయాక కార్డినళ్ళు ఎటూ తేల్చలేక దాదాపు మూడేళ్ళు కూర్చున్నారు. ఊరివాళ్ళు విసిగిపోయి తలుపులకు తాళం వేశారు, తిండి తగ్గించారు, చివరికి భవనం పైకప్పు పీకేశారు. 1271లో ఎన్నికైన పదో గ్రెగరీ అసలు కార్డినలే కాదు, అప్పుడాయన పాలస్తీనా తీరంలో ఆక్ర్ పట్టణంలో ఉన్నాడు. అక్కడ ఆయన్ను కలిసిన వెనిస్ వర్తకుల్లో ఒక కుర్రాడున్నాడు, పేరు మార్కో పోలో. కుబ్లాయ్ ఖాన్ దగ్గరికి వెళ్తున్న పోలోలు కొత్త పోపు లేఖలు పట్టుకుని బయల్దేరారు. ఆ కుర్రాడే పెద్దయ్యాక మన మోటుపల్లి రేవు గురించి, ఆ రాజ్యాన్ని ఏలిన రాణి గురించి చెప్పాడు. ఆమె రుద్రమదేవి. పోపుల చరిత్రా కాకతీయుల చరిత్రా ఒకే మనిషి జోలెలో ప్రయాణించాయన్నది నాకు భలే ఇష్టమైన సంగతి. ఇక గ్రెగరీ, 1274లో కార్డినళ్ళను లోపలుంచి తాళం వేయడాన్నే చట్టం చేశాడు. మూడు రోజుల్లో తేలకపోతే పూటకు ఒకటే వంటకం, మరో అయిదు రోజులు పోతే రొట్టె, నీళ్ళు, ద్రాక్షరసం. కాన్‌క్లేవ్ అంటే తాళం వేసిన గది అనే అర్థం.

తాళం వేసినా మేనల్లుళ్ళు దూరారు. పోపులు తమ అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ళ కొడుకులను కార్డినళ్ళను చేసేవారు. నెపోటిజం అన్న మాట పుట్టిందే అక్కడ. దాన్ని 1692లో పన్నెండో ఇన్నోసెంట్ కట్టడి చేశాడు. రాజుల చెయ్యి ఇంకా రెండు వందల ఏళ్ళు సాగింది. 1903లో రాంపొల్లా అనే కార్డినల్ ముందంజలో ఉండగా, ఆయన వద్దని ఆస్ట్రియా చక్రవర్తి తరఫున క్రాకో కార్డినల్ లేచి చదివాడు. ఆ ఎన్నికలో గెలిచిన జ్యుసెప్పె సార్తో మరుసటి ఏడాదే ఆ వీటోను రద్దు చేశాడు. ఈ సార్తో, అంటే పదో పయస్, ఒక పల్లెటూరి తపాలా మనిషి కొడుకు. సహాయ గురువు, విచారణ (పారిష్) గురువు, మేత్రాసన (డయోసిస్) కార్యాలయం, బిషప్, కార్డినల్, ఒక్కో చోట దాదాపు తొమ్మిదేసి ఏళ్ళు. ఒక్క మెట్టూ దాటేయకుండా ఎక్కినవాడు ఆయన.

మన వైపు ఆ మెట్లు ఎలా పడ్డాయో చూస్తే కథ అంత తిన్నగా లేదు. 1700ల తొలినాళ్ళలో ఫ్రెంచి జెస్విట్లు పుంగనూరు ప్రాంతంలో కాషాయం కట్టి, శాకాహారం తింటూ, సన్యాసుల్లా బతికి పెద్ద కులాల తలుపు తట్టారు. ఆ వేషం నిలవాలంటే దళితవాడ వైపు పోకూడదు. అంటే క్రైస్తవ వేదం వచ్చిన దారిలోనే అంటరానితనం కూడా నడిచొచ్చింది. ఇది నిష్ఠూరంగా ఉన్నా చెప్పక తప్పదు. ఇటు నిజాం రాజ్యంలో డేనియల్ మర్ఫీ అనే ఐరిష్ గురువు సికింద్రాబాద్‌లో సెయింట్ మేరీస్ చర్చి కట్టించాడు, తర్వాత టాస్మానియాలోని హోబార్ట్‌కు పీఠాధిపతిగా వెళ్ళాడు. 1851లో హైదరాబాద్ మద్రాసు నుంచి విడిపోయింది, మిలాన్ మిషనరీలు వచ్చారు, 1886లో మేత్రాసనం అయింది. గన్‌ఫౌండ్రీలో సెయింట్ జోసెఫ్స్ కథీడ్రల్ లేచింది వాళ్ళ హయాంలోనే. మేత్రాసనం అయినప్పటినుంచి అరవై ఏడేళ్ళు ఆ పీఠం మీద కూర్చున్నవాళ్ళంతా ఇటలీవాళ్ళే. కోస్తాలో కాస్త ముందే గాలి మారింది: 1940లో గుంటూరు మేత్రాసనం ఏర్పడితే దాని తొలి పీఠాధిపతి రావిపాడులో పుట్టిన పోతకమూరి తామస్. హైదరాబాద్‌కు 1953లో అగ్రపీఠం హోదాతో పాటు గోపు జోసెఫ్ మార్క్ వచ్చారు. 2000లో మారంపూడి జోజి వచ్చినప్పుడు మన దేశంలో దళితుల్లోంచి అగ్రపీఠాధిపతి అయిన మొదటి మనిషి ఆయన.

ఊరి కుర్రాడికీ పీఠాధిపతికీ మధ్యలో ఏం జరుగుతుందంటే, మాకు ఆటో దూరంలో రామంతాపూర్‌లో సెయింట్ జాన్స్ రీజినల్ సెమినరీ ఉంది. ఇంటర్ దగ్గర బయల్దేరిన కుర్రాడు తత్వశాస్త్రం, వేదాంతం, మధ్యలో విచారణల్లో పని నేర్చుకోవడం అన్నీ కలిపి దాదాపు పదేళ్ళు గురువిద్యార్థిగా గడుపుతాడు. డీకన్ పట్టా, ఆ పైన గురుపట్టాభిషేకం. ఆ రోజు ఊరు ఊరంతా కదులుతుంది, తప్పెట్లు, పూలదండలు, కొత్త ఫాదర్ చేతులకు ముద్దులు. ఆ తర్వాత చాలామంది అక్కడే ఆగుతారు, ఆగడమే మంచిదని నమ్మేవాళ్ళూ ఉన్నారు. బిషప్ కావాలంటే 35 ఏళ్ళు నిండాలి, గురువై అయిదేళ్ళు కావాలి. ఢిల్లీలోని పోపు రాయబారి గుట్టుగా విచారించి మూడు పేర్లు రోమ్‌కు పంపుతాడు. ఎవరి గురించి అడుగుతున్నారో ఆ మనిషికే తెలియకూడదు, అడిగినట్టు అడిగించుకున్నవాళ్ళు చెప్పకూడదు. కార్డినల్ పదవికి ఆ మూడు పేర్లూ అక్కర్లేదు. అది పోపు ఒక్కడి మాట.

నంద్యాల దగ్గర పోలూరులో 1961లో పుట్టిన పూల ఆంథోనికి ఏడో తరగతి తర్వాత పేదరికంతో చదువు ఆగిపోయింది. మిషనరీలు చేరదీశారు. నూజివీడు మైనర్ సెమినరీ, బెంగళూరు సెయింట్ పీటర్స్, 1992 ఫిబ్రవరి 20న కడప మేత్రాసనానికి గురువు. తర్వాత ఆమగంపల్లి, టేకూరుపేట, బద్వేలు, వీరపల్లి. మ్యాపులో వెతికి పట్టుకోవాల్సిన ఊళ్ళు. 2001 నుంచి రెండేళ్ళు షికాగోలో విచారణ పని, లయోలా యూనివర్సిటీలో చదువు. 2008లో కర్నూలు పీఠాధిపతి, 2020 నవంబరులో హైదరాబాద్‌కు నియామకం, 2022 ఆగస్టు 27న ఫ్రాన్సిస్ పోపు చేతుల మీదుగా ఎర్రటోపీ. తొలి తెలుగు కార్డినల్, తొలి దళిత కార్డినల్. రోమ్‌లో ఔరేలియా పాతబాట మీదున్న ప్రథమ వేదసాక్షుల చర్చిని ఆయన పేర పెట్టారు. కార్డినళ్ళంటే లెక్క ప్రకారం ఇప్పటికీ రోమ్ నగరపు గురువులే, అందుకే తలా ఒక చర్చి. ఫాబియన్ నాటి ఊరి ఎన్నికకు మిగిలిన ఆనవాలు అదొక్కటే.

గురువు నుంచి కార్డినల్ దాకా ఆయనకు ముప్పై ఏళ్ళు పట్టింది. వాడ నుంచి సెమినరీ గేటు దాకా రావడానికి మన సంఘానికి పట్టిన కాలం ముందు ఆ ముప్పై ఏళ్ళు ఏపాటివి? మన దేశపు కాథలిక్కుల్లో ఎక్కువమంది దళితులే, పీఠాల మీద మాత్రం వాళ్ళు కొద్దిమందే. ఆ మాట బిషప్పుల సమాఖ్యే 2016లో దళిత సాధికారత విధానం రాస్తూ ఒప్పుకుంది. ఇక 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా లేదు. సర్కారు కాగితంలో కులం పోతుంది, పల్లెలో శ్మశానం దగ్గర పోదు. అందుకే నాకు సిస్టీన్ చాపెల్ తలుపు కన్నా పోలూరు నుంచి నూజివీడు వెళ్ళిన బస్సే పెద్ద విషయంగా కనపడుతుంది.

మే 7న ఆ చాపెల్‌లోకి 133 మంది వెళ్ళారు. 1970లో ఆరో పాల్ పెట్టిన నియమం ప్రకారం 80 ఏళ్ళు దాటినవాళ్ళకు ఓటు లేదు. మన దేశం నుంచి నలుగురు: ఫెర్రావో, క్లీమిస్, కూవకాడ్, పూల. మొదటి భారతీయ కార్డినల్ వలేరియన్ గ్రేషియస్ 1958లో అలా వెళ్ళాక, తెలుగు గొంతుతో ప్రమాణం చేసిన మనిషి వెళ్ళడానికి 67 ఏళ్ళు పట్టింది. మైకెలాంజిలో గీసిన కడపటి తీర్పు కింద, మడిచిన చీటీని అందరికీ కనపడేలా చేత్తో పైకెత్తి పట్టుకుని ఒక్కొక్కరే నడిచి వెళ్ళి పాత్రలో వేస్తారు. లెక్క అయ్యాక ప్రతి చీటీనీ, మీద అచ్చేసిన "ఎలిగో", అంటే ఎన్నుకుంటున్నాను, అన్న మాట మీదుగా సూదితో గుచ్చి దారానికి ఎక్కిస్తారు. పూలకొట్టు దగ్గర మల్లెలు గుచ్చినట్టే. ఆ దండ పొయ్యిలోకి పోతుంది. 89 ఓట్లు రాకపోతే నల్లపొగ. పక్క గదిలో మూడు కొలతల్లో తెల్ల అంగీలు ముందే కుట్టించి ఉంచుతారు. దాన్ని కన్నీళ్ళ గది అంటారు.

నాలుగో విడతలో రాబర్ట్ ప్రెవోస్ట్ ఎన్నికై లియో అన్న పేరు తీసుకున్నాడు. పుట్టింది షికాగో, అగస్టీనియన్ సన్యాసి, పెరూలో మిషనరీ, చిక్లాయో బిషప్, ఆ పైన రోమ్‌లో బిషప్పుల పేర్లు పరిశీలించే శాఖకు పెద్ద. పేర్లు తీసుకెళ్ళి పోపు ముందు పెట్టే మనిషి పేరే రెండేళ్ళకు ఆ చీటీల్లో తేలింది. కార్డినల్ అయి ఇరవై నెలలు కూడా కాలేదు. ఇంతకీ అక్క అడిగినదానికి జవాబు: పూల స్వామివారికి 80 నిండేది 2041లో. అప్పటిదాకా ఆయన చేతిలో చీటీ ఉంటుంది, చీటీల్లో ఆయన పేరు రాసే హక్కు మిగతావాళ్ళకూ ఉంటుంది.

మే 11 ఆదివారం మంచి కాపరి పండుగ, దైవపిలుపుల కోసం ప్రార్థించే రోజు. మా దగ్గరి ఆర్‌సీఎం చర్చిలో సెమినరీల కోసం కవర్లు పంచారు. బలిపూజలో పోపు పేరు, మేత్రాసన బిషప్ పేరు కలిపి ఒకే వాక్యంలో చెప్పే చోటు ఒకటి ఉంది. ఏప్రిల్ 21న ఫ్రాన్సిస్ పోపు పోయాక పదిహేడు రోజుల పాటు అక్కడ మొదటి పేరు ఖాళీ. ఆ రోజు ఫాదర్ ఆ వాక్యం దగ్గరికి రాగానే పన్నెండేళ్ళ అలవాటు నాలుక మీదికొచ్చి "ఫ్రా..." అని ఆగారు. ముందు వరసలో ఒక పిల్లవాడు కిసుక్కుమన్నాడు. ఫాదర్ కళ్ళజోడు సర్దుకుని, పుస్తకంలో పెన్సిల్‌తో రాసుకున్న చోటు వేలితో పట్టుకుని, "లియో" అని, ఊపిరి తీసుకోకుండా "ఆంథోని" అన్నారు.