ఉమ్మి పరీక్షకు అందని పోలండ్

పోలండ్ నుంచి అమెరికా వెళ్లినవారి మునిమనవలు డీఎన్ఏ పరీక్షకు ఉమ్మి పంపితే, చాలాసార్లు 'తూర్పు యూరప్ ఇంత శాతం' అని తిరిగొస్తుంది. ఆ అంకె అబద్ధం కాదు, కానీ దాన్ని చరిత్ర అనుకోవడం తొందరపాటు. స్లావ్ జాతులు శతాబ్దాలుగా కలిసిపోయాయి కాబట్టి పోలిష్, ఉక్రేనియన్, బెలారస్ వంశాలను జన్యువులతో విడదీయడం కష్టం. పైగా 1795 నుంచి 1918 దాకా, 123 ఏళ్లపాటు స్వతంత్ర పోలండే లేదు. రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా పంచుకున్నాయి. వలసల రికార్డుల్లో ఒక పోలిష్ రైతు రష్యన్‌గానో ఆస్ట్రియన్‌గానో కనిపించేది అందుకే. అతని కుటుంబం గురించి తెలియాలంటే చర్చి రిజిస్టర్లే గతి. రష్యా ఏలుబడిలో 1868 నుంచి వాటిని రష్యన్‌లో రాయాల్సి వచ్చింది. అక్కడి బాప్టిజం నమోదులో తండ్రి పేరు, వయసు, వృత్తి, ఊరు, సాక్షులు అన్నీ ఉంటాయి. చివర్లో తరచుగా, చదువు రానందున సంతకం చేయలేదన్న మాట కూడా. ఏ శాతమూ ఇంత చెప్పదు.

కాగితాలు కాలిపోతేనో అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే: 1944లో నాజీలు వార్సా ఆర్కైవుల్లో అత్యధిక భాగాన్ని తగలబెట్టారు. హోలోకాస్ట్‌లో చెల్లాచెదురైన యూదు కుటుంబాలకు, దత్తత వెళ్లినవారికి డీఎన్ఏ నిజంగా దారి చూపుతుంది. అయితే అక్కడ పనికొచ్చేది శాతం కాదు, దూరపు బంధువు డీఎన్ఏతో కుదిరిన పోలిక. ఆ ఇద్దరికీ ఉమ్మడి పూర్వీకులు ఎవరో తేల్చడానికి మళ్లీ మిగిలిన రిజిస్టర్లే వెతకాలి.