నిజాం ఇచ్చిన విమానాలు

బ్రిటిష్ వైమానిక దళంలో హైదరాబాద్ పేరు పెట్టుకున్న స్క్వాడ్రన్లు మూడు ఉండేవంటే, ఇక్కడ పుట్టిన మన పిల్లల సంగతి అటుంచి, హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన పెద్దలు కూడా ఓ పట్టాన నమ్మరు. 110, 152, 253. మూడింటిలోనూ 110వ స్క్వాడ్రన్ కథే పాతది, నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిందీ అదే.

అది 1917 నవంబరులో ఇంగ్లండులోని రెండ్‌కోంబ్‌లో ఏర్పడింది. దాని డి.హెచ్.9ఎ బాంబర్లకు డబ్బిచ్చినవాడు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. ఇద్దరు కూర్చునే విమానం, 400 అశ్వశక్తి గల అమెరికన్ లిబర్టీ ఇంజను. ఒక్కొక్క విమానం మీదా ఇది హైదరాబాద్ నిజాం బహూకరణ అని రాయించారు. 1918 సెప్టెంబరు మొదట్లో స్క్వాడ్రన్ ఫ్రాన్స్ చేరి, పట్టపగలు జర్మనీ పట్టణాల మీద బాంబులు వేయడం మొదలుపెట్టింది. యుద్ధం ఇంకో రెండు నెలల్లో ముగిసిపోతుందనగా, ఆ కొద్ది కాలంలోనే 17 విమానాలు శత్రువు చేతిలో పోయాయి. అక్టోబరు 21న ఒక్కరోజే ఏడు.

ఇంతకీ ఆ డబ్బు ఎవరిది? నిజాం సంస్థానంలో దివానీ ఖజానా వేరు, నిజాం సొంత భూములైన సర్ఫేఖాస్ వేరు. ఏ ఖజానా నుంచి ఇచ్చినా అందులో పెద్ద భాగం రైతు కట్టిన శిస్తే. ఆపైన కల్లు, సారా మీద అబ్కారీ. తెలంగాణ ఊళ్లలో వెట్టి నడుస్తున్న రోజులవి. విమానం ఎలా ఉంటుందో ఎన్నడూ చూడని మనిషి పండించిన గింజ, తాగిన కల్లు కలిసి జర్మనీ మీద ఎగిరాయన్నమాట! విమానం మీద మాత్రం నిజాం పేరొక్కటే పట్టింది.

వాటిలో ఒకటి ఇంకా ఉంది. ఎఫ్1010 అనే ఆ విమానం 1918 అక్టోబరు 5న జర్మన్లకు చిక్కింది. వాళ్లు దాన్ని బెర్లిన్ మ్యూజియంలో పెట్టుకున్నారు. రెండో ప్రపంచయుద్ధంలో అది పోలండుకు చేరి, క్రాకోలో చాలా ఏళ్లు పడి ఉంది. 1977లో బ్రిటన్ ఒక స్పిట్‌ఫైర్‌ను పోలండుకిచ్చి దీన్ని తెచ్చుకుంది. రెక్కలు ఎక్కడో పోయాయి, ఇప్పుడున్నవి కొత్తగా చేసినవి. హెండన్ మ్యూజియంలో దాని పక్కన చాలాసేపు నిలబడ్డాను. ఇంగ్లీషు అక్షరాల్లో ‘హైదరాబాద్’ అని చదువుతుంటే గర్వం వచ్చిన మాట నిజమే. శిస్తు సంగతి గుర్తొచ్చింది మాత్రం బయటికొచ్చాక.

రెండో యుద్ధంలో ఈ పేరు మళ్లీ వినిపించింది. 1939 సెప్టెంబరు 4న, యుద్ధం ప్రకటించిన మర్నాడే, జర్మన్ యుద్ధనౌకల మీద బ్రిటన్ చేసిన మొదటి బాంబుదాడిలో ముందు నడిచినవి 110వ స్క్వాడ్రన్ బ్లెన్‌హైమ్‌లు. 152వది 1940లో స్పిట్‌ఫైర్లతో ఇంగ్లండు దక్షిణ తీరాన్ని కాపాడింది. దాని చిహ్నం నిజాం తలపాగా, దాని కింద నినాదం ‘నమ్మకమైన మిత్రుడు’. మొదటి యుద్ధంలో చేసిన సాయానికి నిజాంకు ఇంగ్లీషువాళ్లిచ్చిన బిరుదు అది.

బిరుదు ఏపాటి అక్కరకొచ్చిందో 1948లో తేలింది. ఆ సెప్టెంబరు 13న భారత సైన్యం సంస్థానంలోకి వచ్చినప్పుడు దానికి అండగా ఎగిరినవి టెంపెస్ట్ విమానాలు. అవీ ఇంగ్లండులో తయారైనవే. అన్ని స్క్వాడ్రన్లకు పేరిచ్చిన నిజాం దగ్గర వాటికి ఎదురు పంపడానికి ఒక్క యుద్ధవిమానం లేదు. మిత్రుడి తరఫున లండన్ నుంచి ఎవరూ కదల్లేదు. 17న ఆయన లొంగిపోయాడు.

హైదరాబాద్ రాజ్యం పోయినా స్క్వాడ్రన్లకు ఆ పేరు ఇంకొన్నాళ్లు నిలిచింది. 253వది 1957లో, 152వది 1967లో బహ్రెయిన్‌లో రద్దయ్యాయి. నిజాం విమానాలతో యుద్ధానికి వెళ్లిన 110వది చివరికి హెలికాప్టర్లు నడుపుతూ, 1971 ఫిబ్రవరిలో సింగపూర్ చాంగీలో మూతపడింది.