ఊరి పేరున్న ఈమెయిలు అడ్రసు

సంఘం బీరువా సర్దుతుంటే మన 1997 ఉగాది సంచిక దొరికింది. వెనక అట్ట మీద అప్పటి ఈమెయిలు అడ్రసు ఉంది. దాని చివర ‘జీఐఏఎస్ఎండీ01 డాట్ వీఎస్ఎన్ఎల్ డాట్ నెట్ డాట్ ఇన్’. ఫోన్లో ఎవరికైనా చెప్పాలంటే ప్రాణం పోయేది!

అందులో ‘ఎండీ’ అంటే మదరాసు. బెంగళూరు వాళ్లకి ‘బీజీ’, బొంబాయి వాళ్లకి ‘బీఎం’. విదేశ్ సంచార్ నిగమ్ 1995 ఆగస్టు 15న ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మదరాసుల్లో ప్రజలకు ఇంటర్నెట్ ఇచ్చింది. ఆ మొదటి జాబితాలో హైదరాబాదు లేదని మా పెద్దలు అక్కడి చుట్టాల దగ్గర కాస్త గొప్పలు పోయేవారు. నల్ల తెర, పైన్ అనే ప్రోగ్రాము, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. కనెక్షన్ ఇచ్చినవాళ్లే ఉత్తరాల పెట్టె కూడా ఇచ్చేవారు.

1996 జూలై 4న సబీర్ భాటియా, జాక్ స్మిత్ హాట్‌మెయిల్ తెచ్చారు. ఉచితం. ఊరు మారినా, చందా మానేసినా అడ్రసు మారదు. బదిలీల మీద తిరిగే మనవాళ్లకి అది నిజంగా మేలే. మైలాపూరు నుంచి టీనగర్‌కి రాసిన ఉత్తరం అమెరికా వెళ్లి వస్తోందన్న ఆలోచన మాకెవరికీ రాలేదు.

కొన్ని దేశాల్లో కనెక్షన్ ఇచ్చేవాళ్లే పెట్టెను పైదేశానికి అప్పగించారు. న్యూజిలాండ్ టెలికాం తన ‘ఎక్స్‌ట్రా’ మెయిలును 2007లో యాహూ చేతిలో పెట్టింది. 2013లో వేల ఖాతాలు దుండగుల పాలయ్యాయి. 2014లో 50 కోట్ల ఖాతాల సమాచారం దొంగలు పట్టుకుపోయారని యాహూ 2016లో గానీ చెప్పలేదు. అప్పటికి స్పార్క్‌గా పేరు మారిన ఆ టెలికాం, 2017లో మెయిలును సొంత దేశపు ఎస్ఎంఎక్స్‌కి తెచ్చుకుంది. మన కేంద్ర ప్రభుత్వం కూడా, స్నోడెన్ బయటపెట్టిన సంగతుల తర్వాత, 2015 ఫిబ్రవరిలో అధికారిక ఉత్తరాలు ఎన్ఐసీ మెయిలులోనే నడపాలని విధానం ప్రకటించింది.

ఇక మన సంగతి. మీ తాతముత్తాతలు ఏ ఊరి నుంచి, ఎందుకు వచ్చారో రాయమని 2001లో అడిగాం. చాలామంది రాశారు. అవన్నీ అప్పటి కార్యదర్శిగారి ఉచిత ఖాతాలో, ఎక్కడో సముద్రాల అవతల ఉండేవి. ఆయన పోయాక పాస్‌వర్డు తెలిసినవాళ్లు లేరు. రాసి చూశాం. వాడకం లేదని అప్పటికే ఖాతా తీసేశారు. వెళ్లి తలుపు తట్టడానికి ఇక్కడ ఆఫీసు కూడా లేదు.

అప్పుడు రాసినవాళ్లు దయచేసి మళ్లీ రాయండి. ప్రింటు తీసి దాచుకున్నవాళ్లుంటే జిరాక్సు ఇవ్వండి. ఆదివారం పొద్దున్న సంఘం గదిలోనే ఉంటాం.