మాంసార్బుదము



ఋణశేషము, అగ్నిశేషము, వ్యాధిశేషము మిగుల్పరాదని పెద్దలందురు. ఈ మాటకు మా వత్సవాయిలో నొక సాక్ష్యము చూచితిని. ఒక మిరపతోట రైతు తొడయందు గడ్డ పుట్టెను. నొప్పి లేదు, జ్వరము లేదు. కావున నతడు రెండు కార్లు లెక్కసేయలేదు. పిదప నొకచోట కోయించుకొనెను. ఏడాది తిరుగకమునుపే గడ్డ యచ్చటనే మరల లేచెను.

అప్పుడు నేను సుశ్రుతసంహితను తెరచితిని. గుండ్రనై, స్థిరమై, నొప్పి యల్పమై, మూలము లోతై, మెల్లగ పెరుగుచు, చీముపట్టని గడ్డను సుశ్రుతుడు నిదానస్థానమున నర్బుదమనెను. మాంసమున బుట్టి, రాయివలె గట్టిపడి, కదలనిదానికి మాంసార్బుదమని పేరు. యవనుల సార్కోమా యను పేరునకును మాంసపు పెరుగుడనియే యర్థము. శేషము మిగిలిన యర్బుదము శీఘ్రముగ మరల పుట్టును గాన నిశ్శేషముగ తీయవలెనని చికిత్సాస్థానమున గలదు. పిడికిటిపోటు మొదలగు దెబ్బలవలన నిది పుట్టునని ప్రాచీనుల తలంపు. దెబ్బ తగిలినచోట తడిమి చూచుటచే నంతకుముందే యున్న గడ్డ బయటపడుటయే తరచని నేటి వైద్యుల మతము.

చిరకాలము ఇట్టి గడ్డకు కాలో చేయో మొదలంట తీయుటయే చికిత్సగ నుండెను. 1975 మొదలు అమెరికా జాతీయ క్యాన్సరు సంస్థలో రోజెన్‌బర్గు మొదలగు వైద్యులు 43 మంది రోగులను చీట్లు వేసినట్లు విభజించిరి. 16 మందికి అవయవమును తీసిరి. 27 మందికి గడ్డను చుట్టునున్న మంచి కండతోగూడ తీసి, కిరణచికిత్స చేసిరి. ఇరుపక్షములవారికిని మందులిచ్చిరి. 1982లో ఫలితములు ప్రకటించిరి: ఆయువున చెప్పదగిన భేదము లేదు. అవయవము నిలిచినవారిలో నలుగురికి గడ్డ మరల లేచెను. కోతయంచున రోగము మిగిలినవారికి ఆ భయము హెచ్చని తేలెను. సుశ్రుతుని మాటయే గదా!

ప్రతి గడ్డయు నిట్టిది గాదు. కొవ్వుగడ్డలు పెక్కు నిరపాయములు. అయినను పెరుగుచున్న గడ్డను, లోతుననున్న గడ్డను, నిమ్మకాయను మించిన గడ్డను నొప్పి లేదని యుపేక్షింపకుడు, తొందరపడి కోయింపకుడు. హైదరాబాదున 1955లో నెలకొన్న ఎమ్.ఎన్.జె. వంటి క్యాన్సరు ఆసుపత్రికి మొదటనే పొండు. ముందు ఎమ్మారై చిత్రము, పిదప సూదితో ముక్క తీసి పరీక్ష, ఆ పిమ్మటనే కోత, ఇదియే క్రమము.

మా రైతు పట్టణము చేరునప్పటికి గడ్డ పెద్దనరమును చుట్టుకొనియుండెను. కాలు తీయవలసివచ్చెను, ప్రాణము దక్కెను. ఇప్పుడతడు కర్ర యూతగ చేనిగట్టునకు వచ్చి కూర్చుండి, దారిని బోవువారి నాపి తన కథ చెప్పుచున్నాడు. ఆతని మాటనే నేడు మీకు వినిపించితిని.