పరీక్ష మార్కులు, విశ్వవిద్యాలయ ప్రవేశాలు: గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల చరిత్ర

బడి చదువు ముగించే పరీక్షలో వచ్చిన మార్కుల ఆధారంగా పైచదువుల సీట్లు ఇచ్చే పద్ధతి పాలమూరు (మహబూబ్‌నగర్) దక్షిణ ప్రాంతంలో అనేక మార్పులకు లోనైంది. నేటి జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు 2016 అక్టోబరు 11న ఏర్పడ్డాయి. అంతకు ముందు ఇవి మహబూబ్‌నగర్ జిల్లాలో భాగాలు. 1956కు ముందు గద్వాల, ఆలంపురం తాలూకాలు రాయచూరు జిల్లాలో ఉండేవి. ఇక్కడి విద్యార్థికి ఎన్ని మార్కులు వచ్చాయన్నది ఎంత ముఖ్యమో, ఆ మార్కులు ఏ బోర్డువి, ఏ ఊళ్ళో చదివితే వచ్చాయన్నదీ ప్రతి కాలంలో అంతే ముఖ్యమైంది.

సంస్థానాల కాలం

గద్వాల, వనపర్తి నిజాం ఏలుబడిలోని సంస్థానాలు. హైదరాబాదులోని నిజాం కళాశాల మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండి, ఇంగ్లీషులో పాఠాలు చెప్పేది. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలో సాగింది. ఇంట్లో తెలుగు మాట్లాడే ఈ ప్రాంతపు పిల్లవాడు పట్టా పొందాలంటే ఈ రెండు పరాయి భాషల్లో ఒకదానిపై పట్టు సాధించక తప్పేది కాదు. అతని సామర్థ్యాన్ని తెలుగులో కొలిచే పరీక్షే లేదు.

మూడో దారి తుంగభద్ర అవతల ఉండేది. నది దాటితే కర్నూలు, అంటే మద్రాసు ప్రెసిడెన్సీ. ఆలంపురం ప్రాంతంలోని ఇటిక్యాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి (జననం 1896) ఆ దారినే పోయారు. కర్నూలులో బడి చదువు, నిజాం కళాశాలలో ఎఫ్.ఏ., మద్రాసులో బి.ఏ., బి.ఎల్. పూర్తిచేశారు. 1926లో ‘గోలకొండ’ పత్రిక పెట్టి, 1952లో వనపర్తి నుంచి శాసనసభకు వెళ్ళారు. ఇంత దూరం వెళ్ళి చదివే స్తోమత ఆనాడు ఎక్కువ కుటుంబాలకు లేదు.

పీయూసీ నుంచి ఇంటర్ దాకా

ఆంధ్రప్రదేశ్ అవతరణ తర్వాత బడి చివరి పరీక్ష హెచ్.ఎస్.సి. పాసైనవారు ఏడాది పీయూసీ (ప్రీ-యూనివర్సిటీ కోర్సు) చదివి డిగ్రీలో చేరేవారు. వనపర్తి రాజప్రాసాదంలో 1959లో కె.డి.ఆర్. పాలిటెక్నిక్ మొదలయ్యాక, డిగ్రీ మెట్లు ఎక్కలేనివారికి డిప్లొమా దారి దగ్గరైంది. గద్వాల కోటలోని డిగ్రీ కళాశాల మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ పేరు మీద నడుస్తోంది. రాజుల కట్టడాలే కళాశాలలు కావడం ఈ ప్రాంతపు ప్రత్యేకత.

1969–70లో పదేళ్ళ బడి, రెండేళ్ళ ఇంటర్, మూడేళ్ళ డిగ్రీ పద్ధతి వచ్చింది. 1971లో ఇంటర్ బోర్డు ఏర్పడింది. నూటికి ముప్పై ఐదు వస్తే పాస్, అరవై దాటితే ఫస్ట్ క్లాస్. హాల్‌టికెట్ నంబర్లు పత్రికల్లో వరుసగా అచ్చయ్యేవి. ఒక్కో విద్యార్థి నంబరు ఫస్ట్ క్లాస్ వరుసలో ఉందో థర్డ్ క్లాస్ వరుసలో ఉందో ఊరంతటికీ ఒకేసారి తెలిసిపోయేది.

1986లో ఎంసెట్ ప్రవేశ పరీక్ష వచ్చాక ఇంజనీరింగ్, వైద్యం సీట్ల దగ్గర ర్యాంకుదే పైచేయి అయింది. మధ్యలో కొన్నేళ్ళు ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఇచ్చారు. తెలంగాణ దాన్ని 2023లో పూర్తిగా తీసేసింది. కౌన్సెలింగ్ ఆన్‌లైన్ కాకముందు సర్టిఫికెట్ల కట్ట పట్టుకుని హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లోని సాంకేతిక విద్యాభవన్‌కు వెళ్ళాల్సి వచ్చేది. రైలే లేని నాగర్‌కర్నూల్ నుంచి ఆ ప్రయాణం బస్సు మీదే. డిగ్రీ ప్రవేశాల్లో మాత్రం ఇంటర్ మార్కుకు విలువ తగ్గలేదు. 2016లో మొదలైన ‘దోస్త్’ ఆన్‌లైన్ విధానంలోనూ సీటు ఇచ్చేది ఆ మార్కే.

నది ఇవతల, అవతల

1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు రాష్ట్రాన్ని ఉస్మానియా, ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతాలుగా విడదీసి, ఒక్కో ప్రాంతంలో 85 శాతం సీట్లను స్థానికులకు కేటాయించింది. మహబూబ్‌నగర్ ఉస్మానియా కిందికి, కర్నూలు శ్రీ వేంకటేశ్వర కిందికి వచ్చాయి. చివరి నాలుగేళ్ళు వరుసగా ఎక్కడ చదివితే అక్కడి స్థానికత. అలా కుదరకపోతే చివరి ఏడేళ్ళు చూసేవారు. ఆరో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు అడగడం దీనివల్లే.

ఆలంపురం వాళ్ళకు వైద్యానికైనా, బజారుకైనా, చదువుకైనా దగ్గరి పెద్ద ఊరు కర్నూలే. తొమ్మిదో తరగతి నుంచి అక్కడే చదివిన పిల్లవాడు ఇంటికి పదిమైళ్ళ దూరంలో ఉంటూనే లెక్కలో రాయలసీమవాడయ్యేవాడు. ఇంటర్ ఒక్కటే అక్కడ చదివితే ఏడేళ్ళ లెక్క ఆదుకునేది: ఎక్కువ ఏళ్ళు ఎక్కడ చదివితే అక్కడివాడే. వైద్య కోర్సులకు 2024 జూలైలో తెలంగాణ ఇచ్చిన 33వ నంబరు జీవో, చివరి నాలుగేళ్ళూ రాష్ట్రంలోనే చదవాలని షరతు పెట్టింది. సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరులో దాన్ని సమర్థించింది. నగరంలోని కుటుంబాలకు ఇది న్యాయపరమైన చర్చ. నది ఒడ్డున ఉన్నవారికి మాత్రం పది పాసైన పిల్లవాణ్ణి ఏ బస్సు ఎక్కించాలన్నది దీన్నిబట్టే తేలుతుంది.

గ్రేడ్ల కాలం

2012 ఫలితాల నుంచి పదో తరగతి మార్కుల స్థానంలో గ్రేడ్లు వచ్చాయి. తెలంగాణలో 91 నుంచి 100 వరకు ఏ1, పది పాయింట్లు. 81 నుంచి 90 వరకు ఏ2, తొమ్మిది పాయింట్లు. ద్వితీయ భాషకు కొలత కాస్త సడలించారు. మార్కుల వేట తగ్గుతుందన్నది ఆశయం. ఆచరణలో ఏమయిందో చూడాలంటే ఇద్దరిని పోల్చితే చాలు. ద్వితీయ భాష హిందీలో ఇద్దరికీ వందకు వంద అనుకుందాం. మిగిలిన ఐదింటిలో ఒకరికి అన్నిట్లో 91, మొత్తం 455. మరొకరికి నాలుగింట్లో నూరేసి, ఒకదాంట్లో 90, మొత్తం 490. ముప్పై ఐదు మార్కులు తక్కువ వచ్చినవారికి జీపీఏ (పాయింట్ల సగటు) 10, ఎక్కువ వచ్చినవారికి 9.8.

2008లో మొదలైన బాసర ట్రిపుల్ ఐటీలో ప్రవేశ పరీక్ష లేదు, పదో తరగతి ఫలితమే ఆధారం. కనుక ఈ 0.2 తేడాకే ఆరేళ్ళ చదువు దక్కడమో చేజారడమో జరిగేది. గురుకులాలు కాని ప్రభుత్వ, జిల్లా పరిషత్ బడుల పిల్లలకు 0.4 కలిపేవారు. దానితో నాగర్‌కర్నూల్ జిల్లాలోని కొల్లాపూర్ లేదా అచ్చంపేట జిల్లా పరిషత్ బడిలో 9.7 తెచ్చుకున్న విద్యార్థిని, ప్రైవేటు బడిలో 10 వచ్చినవారిని దాటి 10.1కి చేరేది. సమానమైతే గణితం, సైన్స్ గ్రేడ్లు చూసేవారు. ఊరి బడి చదువును లోటుగా కాక అర్హతగా లెక్కగట్టిన నియమాలు ఈ చరిత్రలో అరుదు.

కోవిడ్ గ్రేడ్ల విలువను పలుచన చేసింది. 2020లో మూడు పేపర్ల తర్వాత పరీక్షలు ఆగిపోయాయి. అందరినీ పాస్ చేసి అంతర్గత మార్కులతో గ్రేడ్లు ఇచ్చారు. 2021లోనూ అంతే: రాష్ట్రంలో ఐదు లక్షల పైచిలుకు విద్యార్థుల్లో రెండు లక్షలకు పైగా పిల్లలకు జీపీఏ 10 వచ్చింది. 2022 పరీక్షల నుంచి పదకొండు పేపర్లు ఆరయ్యాయి. 2025 ఫలితాల్లో జీపీఏ తీసేసి, సబ్జెక్టుల వారీ మార్కులను మళ్ళీ మెమోపై ముద్రించారు.

జిల్లాల్లోకి వచ్చిన కళాశాలలు

2008లో మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం ఏర్పడింది. గద్వాల, వనపర్తి, కొల్లాపూర్‌లలో దాని పీజీ కేంద్రాలున్నాయి. 2022–23లో వనపర్తికి జేఎన్టీయూ ఇంజనీరింగ్ కళాశాల వచ్చింది. అదే ఏడాది వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో, 2024లో గద్వాలలో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. గద్వాలలో తొలి ఏడాది 50 సీట్లు. ఈ వైద్య కళాశాలల్లో జిల్లా పిల్లలకంటూ ప్రత్యేక వాటా లేదు. 15 శాతం సీట్లు అఖిల భారత కోటాకు పోగా, మిగిలినవాటికి జాతీయ వైద్య ప్రవేశ పరీక్ష నీట్ ర్యాంకును బట్టి హైదరాబాద్ విద్యార్థీ, గద్వాల జిల్లా అయిజ విద్యార్థీ ఒకే జాబితాలో పోటీ పడతారు.