చేదుకూరలు, హిస్సోపు: మొక్కలు మోసిన జ్ఞాపకం



చరిత్ర అనగానే మీకు రాజులు, యుద్ధాలు, శాసనాలు గుర్తుకు వస్తాయి. కాని చరిత్రకు మరో రకం సాక్ష్యం కూడా ఉంది. మనుషులు తరతరాలుగా పండుగనాడు తినే కూర, ప్రార్థనలో చేతపట్టే కొమ్మ కూడా గతాన్ని గురించి చెబుతాయి. యూదు, క్రైస్తవ సంప్రదాయాలలో మూలికలకు ఉన్న అర్థాన్ని ఈ పాఠంలో పరిశీలిద్దాం. దానితోపాటు రెండు ప్రశ్నలకు జవాబు వెతుకుదాం. ప్రాచీన గ్రంథంలో ఒక మొక్క పేరు కనిపిస్తే, అది ఏ మొక్కో ఎలా తెలుసుకోవాలి? ఆ మొక్క దొరకని దేశానికి వెళ్లిన ప్రజలు ఏం చేశారు?

బానిసత్వపు రుచి

యూదుల ముఖ్యమైన పండుగలలో పస్కా ఒకటి. ఇది వసంతకాలంలో వస్తుంది. తమ పూర్వీకులు ఈజిప్టులో బానిసలుగా ఉండి విడుదల పొందారన్న జ్ఞాపకమే ఈ పండుగకు మూలం. బైబిలులోని నిర్గమకాండం ప్రకారం ఆ రాత్రి కాల్చిన గొర్రెపిల్ల మాంసాన్ని పులియని రొట్టెతో, చేదుకూరలతో తినాలి. క్రీ.శ. 70లో రోమన్లు యెరూషలేము దేవాలయాన్ని ధ్వంసం చేశాక అక్కడి బలులు ఆగిపోయాయి. ఆ తరువాత పండుగకు కేంద్రం ఇంటి భోజనమే అయింది. పులియని రొట్టె, చేదుకూరలు అందులో నిలిచిపోయాయి.

ఇంతకీ చేదుకూర అంటే ఏది? నిర్గమకాండం ఏ మొక్క పేరూ చెప్పలేదు. క్రీ.శ. 200 ప్రాంతంలో సంకలనమైన మిష్నా అనే యూదు ధర్మశాస్త్ర గ్రంథం అయిదు మొక్కలను పేర్కొంది. వాటిలో మొదటిది హజెరెత్. అది లెట్యూస్ అనే ఆకుకూర అని మిష్నాకు వ్యాఖ్యానమైన తల్మూదు చెబుతోంది. లెట్యూస్ అంత చేదుగా ఉండదు కదా అని మీకు సందేహం రావచ్చు. అప్పటి పండితులకూ ఆ సందేహం వచ్చింది. ఈ మొక్క మొదట తియ్యగా ఉండి చివరకు చేదెక్కుతుందని, ఈజిప్టువారు కూడా తమ పూర్వీకులతో మొదట మెత్తగా ఉండి తరువాత వారి బతుకును చేదు చేశారని వారు సమాధానం చెప్పుకున్నారు.

ఈ పోలికలో చక్కని వృక్షశాస్త్ర పరిశీలన ఉంది. లేత లెట్యూస్ ఆకులో చేదు తక్కువ. ఎండలు ముదిరి మొక్క పూతకాడ వేసినప్పుడు అందులోని పాలవంటి ద్రవంలో లాక్ట్యూసిన్ వంటి చేదు పదార్థాలు పెరుగుతాయి. ఈ మొక్క శాస్త్రీయ నామం లాక్ట్యూకా సటైవా. లాటిన్‌లో పాలను సూచించే మాట నుంచే ఆ పేరు వచ్చింది.

తరువాతి శతాబ్దాలలో యూదులు మధ్య, తూర్పు ఐరోపాలోని చలి ప్రాంతాలలో స్థిరపడ్డారు. పస్కా నాటికి అక్కడ లెట్యూస్ సులభంగా దొరికేది కాదు. అందుచేత హార్స్‌రాడిష్ అనే దుంపను తురిమి వాడడం మొదలుపెట్టారు. ఇది మన ఆవాల కుటుంబానికి చెందినదే. నిజానికి దీనికి ఉన్నది చేదు కాదు, ఘాటు. తురిమినప్పుడు దుంప కణాలు చితికి, ఒక ఎంజైము సినిగ్రిన్ అనే పదార్థాన్ని విడగొడుతుంది. అప్పుడు వెలువడే ఘాటైన రసాయనం కళ్లలో నీళ్లు తెప్పిస్తుంది. మొక్క మారింది, రుచి కూడా మారింది, కాని బానిసత్వపు బాధను నాలుకతో గుర్తుచేసుకోవాలన్న ఉద్దేశం మారలేదు. ఆధునిక హీబ్రూలో హజెరెత్ అన్న మాటకు హార్స్‌రాడిష్ అనే అర్థం స్థిరపడిపోయింది.

గోడలో మొలిచే మొక్క

ఇక రెండవ ఉదాహరణ చూద్దాం. తెలుగు బైబిలు చదివినవారికి హిస్సోపు అనే మాట పరిచయమే. దాని హీబ్రూ పేరు ఎజోవ్. విడుదల రాత్రి ఇశ్రాయేలీయులు తమ ద్వారబంధాలకు గొర్రెపిల్ల రక్తం పూయడానికి ఈ మొక్క కట్టనే వాడారని నిర్గమకాండం చెబుతుంది. లేవీయకాండంలో చర్మవ్యాధి నయమైన మనిషిని శుద్ధిచేసే కర్మలో దేవదారు కర్ర, ఎర్రని నూలు, హిస్సోపు కలిసి కనిపిస్తాయి. ఆ వ్యాధిని కుష్ఠమని అనువదించారు గాని, హీబ్రూ మాట ఈనాటి కుష్ఠువ్యాధికి మాత్రమే పరిమితం కాదు. వ్యాధి సోకినవాడు ఊరి బయట ఉండాలి. శుద్ధి జరిగితేనే మళ్లీ తనవారి మధ్యకు రాగలడు. కాబట్టి ఆ చిన్న కొమ్మకు ఎంత విలువ ఉండేదో మీరే ఆలోచించండి.

సొలొమోను రాజు జ్ఞానాన్ని వర్ణిస్తూ, లెబానోను దేవదారు మొదలుకొని గోడలో మొలిచే హిస్సోపు వరకు అతడు మాట్లాడాడని రాజుల గ్రంథం చెబుతుంది. ఆ వరుసలో ఒక కొస మహావృక్షం, రెండవ కొస ఈ చిన్న మొక్క. శుద్ధి కర్మలో ఈ రెండూ ఎందుకు కలిశాయి? 11వ శతాబ్దపు ప్రసిద్ధ వ్యాఖ్యాత రషీ ప్రకారం, దేవదారులా గర్వించినవాడు హిస్సోపులా తనను తగ్గించుకోవాలన్నదే అందులోని సూచన.

ఇప్పుడు అసలు చిక్కు చూడండి. ఈనాడు వృక్షశాస్త్రం హిస్సోపస్ అని పిలిచే మొక్క పాలస్తీనా ప్రాంతంలో సహజంగా పెరగదు. హీబ్రూ గ్రంథాలను గ్రీకులోకి అనువదించినవారు ఎజోవ్ అన్నచోట దానికి దగ్గరి ధ్వని గల హిస్సోపోస్ అనే మాట రాశారు. ఆ మాటే లాటిన్, ఇంగ్లీషు, తెలుగు బైబిళ్లలోకి ప్రయాణించింది. పదవ శతాబ్దంలో బైబిలును అరబిక్‌లోకి తెచ్చిన సాదియా గావోన్ మాత్రం ఎజోవ్‌ను జాతర్ అన్నాడు. దాని శాస్త్రీయ నామం ఒరిగానమ్ సిరియాకమ్. నేడు ఎక్కువమంది పండితులు అంగీకరించేది ఈ గుర్తింపునే. ఇది ఆ ప్రాంతపు రాతి నేలల్లో పెరుగుతుంది, గుబురుగా ఉంటుంది. నూగుతో నిండిన దీని ఆకులు ద్రవాన్ని పట్టి ఉంచుతాయి. నాబ్లుస్ పక్కనున్న గెరిజీము కొండపై సమరయులు నేటికీ పస్కా గొర్రెపిల్లను బలి ఇస్తారు. అక్కడ వాడే మొక్క కూడా ఇదే.

క్రైస్తవ సంప్రదాయంలో

క్రైస్తవులు ఈ గుర్తులను స్వీకరించి కొత్త అర్థం ఇచ్చారు. సిలువపై ఉన్న యేసుకు పులిసిన ద్రాక్షారసంలో ముంచిన స్పంజిని రెల్లుకర్రతో అందించారని మత్తయి, మార్కు సువార్తలు చెబుతాయి. యోహాను సువార్తలో మాత్రం రెల్లుకు బదులు హిస్సోపు ఉంది. యేసును పస్కా గొర్రెపిల్లతో పోల్చడానికే యోహాను ఈ మొక్కను పేర్కొన్నాడని చాలామంది వ్యాఖ్యాతలు భావిస్తారు. 51వ కీర్తనలో పాపశుద్ధికి గుర్తుగా హిస్సోపు వస్తుంది. కాథలిక్ ఆరాధనలో పవిత్రజలం చిలకరించేటప్పుడు ఆ కీర్తన మాటలు పాడే ఆచారం ఉంది. చిలకరించేది తరచు లోహపు సాధనంతోనే. మొక్క చేతిలోంచి పోయినా పాటలో మిగిలింది.

ఇంకో మొక్క మన ప్రాంతానికి దగ్గరిది. సబ్జా గింజలనిచ్చే బేసిల్ మన తులసికి దగ్గరి బంధువు. ఇది ఉష్ణమండల ఆసియా నుంచి పడమరకు చేరిందని భావిస్తారు. క్రీ.శ. నాల్గవ శతాబ్దంలో హెలెనా రాణికి సిలువ దొరికిన చోట ఈ మొక్క పెరుగుతూ ఉండిందని ఒక ఐతిహ్యం. అందుకే గ్రీకు ఆర్థడాక్స్ చర్చిలలో సెప్టెంబరు 14న జరిగే సిలువ పండుగలో బేసిల్ కొమ్మలకు స్థానం ఉంది. కేరళలోని సిరియన్ క్రైస్తవులు గుడ్‌ఫ్రైడే నాడు ఆరాధన తరువాత చేదునీరు తాగే ఆచారం పాటిస్తారు. దానికి కాకరను వాడడం కూడా ఉంది. ఆ దేశపు చేదు లేనిచోట ఈ దేశపు చేదు ఆ పని చేస్తోంది.

మనం నేర్చుకోవలసింది

పాత గ్రంథంలో మొక్క పేరు కనిపించగానే నేటి నిఘంటువును మాత్రమే నమ్మకూడదు. ఆ మొక్క ఆ నేలలో పెరుగుతుందా? గ్రంథం చెప్పిన పనికి సరిపోతుందా? అనువాదకులు ఆ పేరును ఏ దారిన తెచ్చారు? ఈ మూడు ప్రశ్నలూ వేసుకోవాలి. జవాబు చెప్పడానికి భాషాశాస్త్రం, వృక్షశాస్త్రం, చరిత్ర మూడూ కావాలి.

మీ అభ్యాసానికి ఒక చిన్న పని. మత్తయి సువార్త 23వ అధ్యాయంలో పుదీనా, సోపు, జీలకర్రలలో పదవ వంతు చెల్లించడం గురించి ఉంది. సోపు అన్నచోట గ్రీకు మూలంలో ఉన్న మాట అనేథోన్, అంటే సోయకూర. 1611 నాటి ఇంగ్లీషు అనువాదం దాన్ని అనీస్ అంది. సోపు, అనీస్, సోయకూర మూడూ ఒకే కుటుంబానికి చెందిన వేర్వేరు మొక్కలు. వాటి ఆకులను, గింజలను సేకరించి వాసన, ఆకారం పోల్చి చూడండి. ఒకదానికి బదులు మరొకటి అనువాదంలో ఎలా చోటు చేసుకుందో మీ నోటుపుస్తకంలో రాయండి.